పాత గీత మీదే

ఆ వార్డులో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. కొత్తగా చేరిన నర్సుల దగ్గర్నుంచి మంచం దిగలేని ముసలాళ్ల దాకా అందరికీ ఆమె కట్లక్క. మానని పుళ్లు, కాలిన ఒళ్లు, నలిగిన చేతులు, అదే ఆమె లోకం. పుండును చూసి ముఖం చిట్లించడం ఆమెకు తెలియదు. చిట్లించే చుట్టాలను మాత్రం ఊరికే వదిలేది కాదు. "మీ మొహాలు చూసే ఆయనకి జ్వరం పెరుగుతోంది. పోయి టీ తాగి రండి" అని తలుపు దాకా తరిమి వచ్చేది.

కట్టు విప్పేముందు సెలైన్ సీసాను చంకలో పెట్టుకుని గోరువెచ్చగా చేసేది. చల్లటి నీళ్లు పుండు మీద పడితే మనిషి ఎలా ఎగిరిపడతాడో ఆమెకు తెలుసు. ఆమె జేబులో ఎప్పుడూ ఒక ఊదారంగు పెన్ను ఉండేది. ఒంట్లో ఏ భాగమైనా నెత్తురందక నల్లబడితే, ఆ నలుపు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చర్మం మీద ఆ పెన్నుతో ఒక గీత గీస్తారు. మర్నాటికి నలుపు గీత దాటితే చావు ఇంకా ముందుకు నడుస్తున్నట్టు. దాటకపోతే ఆగినట్టు. కోయాలా, ఆగాలా, కోస్తే ఎంతవరకు అనేది డాక్టర్లు ఆ గీతను చూసే తేల్చుకుంటారు. మందునీళ్లు తగిలి గీత వెలిసిపోతుంది కాబట్టి రోజూ దాన్ని దిద్దాలి. దిద్దడమంటే పాత గీత మీదే దిద్దాలి. ఈ మాటను కట్లక్క కొత్త నర్సుల చెవుల్లో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేది.

"గీత చెరిగిపోతే చెరిగిందని చెప్పండి. మీకు తోచిన చోట గీశారంటే మాత్రం చేతులు విరగ్గొడతా" అనేది. ఆ పిల్లలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు గానీ, ఎవరూ ఆ పని చెయ్యలేదు.

తన పుండు ఎందుకు కంపు కొడుతోందని ఎవరైనా అడిగితే దగ్గర కూర్చుని చెప్పేది. "మన ఒంట్లో కణాలు చావడం రెండు రకాలు బాబాయ్. ఒకటి అద్దె ఇల్లు మర్యాదగా ఖాళీ చేసి పోయే రకం. తన టైమొచ్చిందని దానికే తెలుస్తుంది. సామానంతా చిన్న చిన్న మూటలు కట్టి గుమ్మంలో పెడుతుంది. ఇరుగుపొరుగు కణాలు ఆ మూటల్ని మింగేస్తాయి. చప్పుడుండదు, వాపుండదు. ఇప్పుడు నువ్వు నాతో మాట్లాడుతున్నావే, ఈలోపే నీలో ఎన్నో అలా పోయాయి. నీకేమైనా తెలిసిందా?"

"మరి రెండోది?"

"రెండోది ఇల్లు కూలడం. కాలిపోయో, నలిగిపోయో, నెత్తురందకో పోవడం. కణం ఉబ్బి పగిలిపోతుంది. లోపలిదంతా పక్కింటి మీద పడుతుంది. పక్కిల్లు వాచిపోతుంది. ఆ చెత్తలో క్రిములు చేరాయంటే పక్కిల్లూ కూలుతుంది. నీ కాల్లో జరిగింది ఇదే. అందుకే చచ్చినదాన్ని తీసి పారేస్తున్నాం, బతికున్నదాని కోసం."

ఇదేమీ ఆమె సొంత తెలివి కాదు. వార్డు పెద్ద డాక్టరమ్మ నర్సులకు చెప్పిన పాఠమే. అద్దె ఇల్లు, మూటలు మాత్రం కట్లక్క తగిలించినవి. డాక్టరమ్మ ఒకసారి చాటుగా విని నవ్వుకుంది కూడా.

కట్లక్కకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి జడివానంటే భయం, చీకటంటే భయం. వాణ్ని పెంచింది కట్లక్కే. పెళ్లి గురించి ఎవరైనా ఎత్తితే "ముందు వీడు ఒకదారిన పడనీ" అని దాటేసింది. వాడు దారిన పడ్డాక ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు తాళాలు బాగుచేస్తాడు. బస్సులాగే చోట చిన్న బడ్డీ, ఒక బిగింపు పట్టీ, మేకులకు వేలాడే ఇనప తాళంచెవులు, పళ్లు అరిగిన ఆకురాయి. చెవిని చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య పట్టుకుని, ఆకురాయితో రెండు గీకులు గీకి, వెలుగులోకి ఎత్తి చూసి, ఇంకో గీకు గీకితే ఎంత మొండి తాళమైనా నోరు తెరవాల్సిందే. చిన్నప్పుడు పని నేర్చుకుంటూ ఆకురాయి జారి చూపుడు వేలు కోసుకున్నాడు. నడిమి కణుపు మీద తెల్లటి మచ్చ ఉండిపోయింది. ఆ వేలికి తన ఓణీ చింపి కట్టు కట్టింది అక్కే. ఆమె కట్టిన మొదటి కట్టు అది.

తమ్ముడికి ఆ మధ్యే కూతురు పుట్టింది. ఎడమచేతి మధ్య వేలూ ఉంగరం వేలూ అతుక్కుని పుట్టింది. తమ్ముడి అత్తగారు గొల్లుమంది. ఏం తిన్నావో, ఎక్కడ జారిపడ్డావో అని బాలింతను నిలబెట్టి ఆరా తీసింది. కట్లక్క ఒంటికాలి మీద లేచింది.

"అది తిన్నదాని వల్లా కాదు, పడినదాని వల్లా కాదు పిన్నీ. కడుపులో చెయ్యి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ల మధ్య కణాలు వేళకి చచ్చిపోతే వేళ్లు విడతాయి. దీనికి ఒక్క సందులో అవి పోలేదు, అంతే. ఏడాది నిండాక మా డాక్టరమ్మ విడదీస్తుంది."

"చావకపోతే కూడా తప్పేనా?" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

తమ్ముడు మాత్రం పాప చేతిని వెలుగులోకి ఎత్తి చూసి, "పుట్టుకతోనే తాళం వేసుకొచ్చిందక్కా. నాన్న తాళాలవాడని దీనికెవరు చెప్పారో!" అన్నాడు. ఆ మాటకి బాలింత కూడా నవ్వింది.

ఆ తర్వాత కొన్ని వారాలకే షట్టరు పడింది. ఒక దుకాణంవాడు తాళం పట్టేసిందని పిలిస్తే తమ్ముడు వెళ్లాడు. సగం ఎత్తిన షట్టరు కింద మోకాళ్ల మీద కూర్చుని తాళం విప్పుతుండగా పైనున్న స్ప్రింగు తెగింది. కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ ఇనుముకీ గచ్చుకీ మధ్య ఇరుక్కున్నాయి.

వార్డులోకి తెచ్చిన చేతిని కట్లక్క చూసింది. కన్నీరు పెట్టలేదు. సెలైన్ సీసా చంకలో పెట్టుకుంది. డాక్టరమ్మ చాలాసేపు ఆపరేషన్ చేసి బయటికొచ్చింది. నెత్తురు నాళాలు కలిపానని, వేళ్ల చివర్లు పోతాయని, మిగతాది ఎంత నిలుస్తుందో గీత గీసి చూద్దామని చెప్పింది.

"చివర్లు పోయినా పని చేసుకోగలడా మేడమ్?"

"నడిమి కణుపు దాకా మిగిలితే చేసుకోగలడు. రోజూ నలుపును గమనించాలి. చచ్చిన చోట క్రిములు చేరి నలుపు అరచేతి వైపు పాకిందంటే మాత్రం ఆగకూడదు, వెంటనే తీసెయ్యాలి. ఆలస్యమైతే చెయ్యే పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కట్లు ఇంకో సిస్టర్ చూస్తుంది."

"నేనే చూస్తాను."

"సొంతవాళ్ల గాయం సొంతవాళ్లు చూడకూడదు. ఈ మాట కొత్తవాళ్లకి చెప్పేది మీరే కదా!"

"చెప్తాను మేడమ్. కానీ వాడి చెయ్యి ఇంకొకరు పట్టుకుంటే నేను చూడలేను."

కట్లక్క పట్టిన పట్టు విడవదని ఆస్పత్రి అంతటికీ తెలుసు. పైగా ఆ వార్డులో అంత నిదానంగా కట్టు విప్పే చెయ్యి ఇంకొకటి లేదు. డాక్టరమ్మ సరేనంది. అసలు పొరపాటు అక్కడే మొదలైంది. ఇద్దరిలో ఒకరైనా రూలుకి కట్టుబడి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

మొదటి గీత చూపుడు వేలి పై కణుపు దగ్గర పడింది. దానికి కిందుగా, బతికున్న చర్మం మీద, ఆకురాయి మచ్చ తెల్లగా కనిపిస్తోంది. మధ్య వేలి మీద కూడా ఇంచుమించు అదే ఎత్తున గీసింది. రోజూ పొద్దున్నే టీ బండి వార్డులోకి రాకముందే కట్లక్క కట్టు తడిపి, ఒక్కొక్క పొరా విప్పి, చూసేది. తమ్ముడు చెయ్యి వైపు చూసేవాడు కాదు. అక్క ముఖం చూసేవాడు. మొదట్లో నలుపు గీత దగ్గరే ఆగి ఉంది. వాడు కాస్త తిన్నాడు, పక్క మంచం ముసలాయన సామాన్ల పెట్టె తాళం నోటిమాటతోనే బాగుచేయించాడు.

ఒక పొద్దున నలుపు గీత దాటింది.

ఎంతో కాదు, బియ్యపుగింజంత. పెన్ను గీత వెలిసిపోయి, వెతికితే తప్ప కనిపించకుండా ఉంది. కట్లక్క చెయ్యి ఆగింది. వంగి చూసింది. వెలుతురు సరిగా లేదేమోనని మంచాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది. నలుపు దాటిన మాట నిజమే.

"ఆగిందా అక్కా?"

వాడి కళ్లు ఆమె ముఖాన్నే తడుముతున్నాయి. చిన్నప్పుడు ఉరుములొచ్చిన రాత్రి "తగ్గిందా అక్కా" అని దుప్పట్లోంచి ఇలాగే అడిగేవాడు. తగ్గకపోయినా తగ్గిందనే చెప్పేది ఆమె.

"ఆగింది" అంది. పెన్ను తీసింది. నలుపు ఇప్పుడు ఎక్కడుందో, అక్కడ గీసింది.

తాను చేసింది దిద్దడం కాదని ఆమెకు తెలుసు. వెలిసిపోయింది కదా, మొదట ఎక్కడ గీశానో ఎవరికి తెలుసు, కట్టు కాస్త బిగుతై ఉంటుంది, రేపటికి ఆగుతుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మనసుకి సర్దిచెప్పడం మొదలుపెడితే అది ఎంతదూరమైనా వస్తుంది. డాక్టరమ్మ నిండిన వార్డులో మంచం మంచం తిరుగుతూ వచ్చి, నలుపూ గీతా ఒకచోటే ఉండటం చూసి, "బాగుంది, ఇలాగే చూద్దాం" అని ముందుకు కదిలింది. కట్లక్కకు హాయిగా అనిపించిందనుకుంటే పొరపాటు. తల కొట్టేసినట్టయింది. ఆ పగలంతా తమ్ముడి మంచం వైపు చూడకుండా పనిచేసింది.

మర్నాడు నలుపు మళ్లీ జరిగింది. గీతా జరిగింది. ఆ మర్నాడూ అంతే, ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ మేర. అబద్ధం ఒక్కసారి ఆడితే చాలని ఎవరనుకుంటారో గానీ, ఆమెకి రోజూ కొత్తగా ఆడాల్సి వచ్చింది. పైగా అడిగేవాడు ఒకే మాట అడుగుతున్నాడు, చెప్పేది ఒకే మాట చెబుతోంది. వాడికి సన్నగా జ్వరం తగిలింది. వేలి మొదట్లో ఎరుపు కనిపించింది, వాపు మెరిసింది. కట్టు విప్పుతున్నప్పుడు తియ్యటి కుళ్లు వాసన ఒకటి ముక్కుకి తగిలింది. ఆ వాసనను ఆమె గుమ్మం దగ్గరే పసిగట్టగలదు. ఇంకో మంచం మీదైతే ఈపాటికి డాక్టరమ్మ కోసం పరిగెత్తి ఉండేది. ఇక్కడ మాత్రం కాళ్లు కదల్లేదు. చెబితే కోస్తారు. కోస్తే తమ్ముడు తాళంచెవి పట్టుకోలేడు. ఇంకొక్క పొద్దు చూద్దామనుకుంది.

ఆ పొద్దునే తమ్ముడి భార్య పాపను ఎత్తుకుని వచ్చింది. కట్టు విప్పే వేళకి చుట్టాలను రానివ్వని కట్లక్క, ఆ రోజెందుకో ఆ అమ్మాయిని పొమ్మనలేకపోయింది. పాప అతుక్కున్న వేళ్లతో తండ్రి చొక్కా పట్టుకుని లాగుతోంది. అమ్మాయి మాత్రం కదలకుండా ఆ చేతినే చూస్తోంది. అది ఆమె రోజూ అన్నం పెట్టి, ఇనప పొడి కడిగి, పగుళ్లకి నూనె రాసిన చెయ్యి.

"వదినా, ఆయన మచ్చ ఏదీ?"

"ఏ మచ్చ?"

"ఆకురాయి మచ్చ. మొదటి రోజు గీత గీసినప్పుడు నేనిక్కడే ఉన్నాను, దానికి కింద ఉంది కదా! మంచిచోట ఉంది, హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు గీతకి పైన, నలుపులో ఉందేంటి?"

"ఆ రోజు నువ్వు కంగారులో సరిగా చూసుండవు అమ్మాయ్" అనబోయింది. నోటిదాకా వచ్చింది. పాప ఏడుపు లంకించుకుంది. తమ్ముడు "అక్కా?" అన్నాడు.

ఆమె తడిగుడ్డతో వేలిని మెల్లగా తుడిచింది. కిటికీ వెలుగు అడ్డంగా పడేటట్టు చేతిని తిప్పింది. బతికున్న చర్మం రోజూ పొర విడుస్తుంది, దాని మీద సిరా నిలవదు. చచ్చిన చర్మం దేన్నీ విడవదు. నల్లటి చర్మం మీద, ఊదారంగు మెరుపుతో, తాను గీసిన గీతలన్నీ ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైనున్నది మొదటిది. ఆ గీతకీ నిన్నటి గీతకీ మధ్య తన అబద్ధాలన్నీ వేలి మీదే ఉన్నాయి.

పటకారు ట్రేలో పడేసి పరిగెత్తింది. ఆ వరండాలో కట్లక్క పరిగెత్తడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మేడమ్, నలుపు పాకింది. కొన్ని రోజులుగా పాకుతూనే ఉంది. నేనే గీత జరిపాను."

డాక్టరమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తడిచేతులతోనే మంచం దగ్గరికి నడిచింది. వేలిని చూసింది, వాసన చూసింది, అరచేతిలో ఎరుపు ఎక్కడిదాకా ఉందో నొక్కి చూసింది. "ఆపరేషన్ గది సిద్ధం చెయ్యమనండి. ఇప్పుడే" అంది.

"ఆగిందన్నావు కదక్కా!" అన్నాడు తమ్ముడు, డాక్టరమ్మతో కాదు.

కట్లక్క వాడి మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. "ఆగలేదురా. నీకు చెప్పలేక గీత కిందికి జరుపుతూ వచ్చాను. తప్పంతా నాదే."

జ్వరంతో ఎర్రబడ్డ వాడి కళ్లు ఆమె మీదే ఉన్నాయి. "డాక్టర్లు నన్ను మభ్యపెట్టినా, ఊరంతా మభ్యపెట్టినా, నీ మొహం చూస్తే నిజం తెలుస్తుందని ధీమాగా ఉన్నానక్కా. ఇంక నేనెవర్ని అడగాలి?"

వాడు ఎడమచెయ్యి చాపాడు. "పెన్నియ్యి. నలుపు నిజంగా ఎక్కడిదాకా ఉందో వేలు పెట్టి చూపించు. నేనే గీస్తాను."

ఆమె చూపించింది. రెండు వేళ్లూ దాటి, అరచేతి అంచు మీదికి. ఈసారి అబద్ధమాడలేదు. వాడు పళ్ల బిగువున, అలవాటులేని చేత్తో, వంకరటింకరగా గీత గీశాడు. డాక్టరమ్మ ఆ గీతను చూసి తలూపింది.

రెండు వేళ్లూ మొదలంటా పోయాయి, అరచేతిలో కొంత పోయింది. బొటనవేలూ చివరి రెండు వేళ్లూ మిగిలాయి. వాడు కోలుకున్నాక ఒకరోజు కట్లక్క డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి, "నలుపు దాటిన మొదటి పొద్దునే చెప్పి ఉంటే మిగిలేవా మేడమ్?" అని అడిగింది.

"వేళ్లు సగమైనా మిగిలేవో లేదో చెప్పలేను. అరచెయ్యి మాత్రం మిగిలేది. అది చెప్పగలను" అంది డాక్టరమ్మ. ఆమెను కొన్నాళ్లు పుళ్ల దగ్గరికి రానివ్వకుండా, కట్లకు వాడే గాజుగుడ్డలు కత్తిరించి మడతలు పెట్టే గదికి పంపింది. కట్లక్క కిక్కురుమనకుండా వెళ్లింది. అందరితో పోట్లాడే మనిషి ఆ గదిలో తలెత్తకుండా మడతలు పెడుతుంటే, చివాట్లు తిన్న కొత్త నర్సులకే కళ్లు చెమర్చాయి.

తమ్ముడు బడ్డీ మళ్లీ తెరిచాడు. తాళంచెవిని పట్టీలో బిగించి ఎడమచేత్తో ఆకురాయి పడుతున్నాడు. ఇదివరకు మూడు గీకులతో అయ్యే పనికి ఇప్పుడు పొద్దు వాలిపోతోంది. అక్కతో మాట్లాడుతున్నాడు, లేదని కాదు. తిన్నావా, పడుకున్నావా, అంతవరకే. ఆమెను దేని గురించీ ఏదీ అడగడం మానేశాడు. ఆమెను కోసింది అదే.

పాపకు ఏడాది నిండింది. డాక్టరమ్మ అతుక్కున్న వేళ్లను విడదీసింది. కడుపులో కణాలు వేళకు చేసి ఉండాల్సిన పనిని కత్తి చేసింది. మర్నాడు పొద్దున కట్టు చూడాలి. అప్పటికి కట్లక్క తిరిగి వార్డులోకి వచ్చింది గానీ, ఆ గదిలోకి వెళ్లలేదు. "సొంతవాళ్లది సొంతవాళ్లు చూడకూడదు" అని ఇంకో నర్సును పంపి, తాను వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "ఎంత ముద్దుగా విడిపోయాయో చూడండి" అని నర్సు అంటోంది. పాప తల్లి హమ్మయ్య అంటోంది.

తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికొచ్చాడు.

"అందరూ బాగుందంటున్నారు. ఒకసారి లోపలికి రా."

"నేను రాకూడదురా."

"కట్టొద్దు. చూసి చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

ఆమె లోపలికి వెళ్లింది. పాప ఎడమచెయ్యి తల్లి ఒడిలో ఉంది. రెండు చిన్న వేళ్లు, మధ్యలో సన్నటి కుట్లు. కట్లక్క వంగి చూసింది. మధ్య వేలు గులాబీరంగులో ఉంది. ఉంగరం వేలి గోరు కింద రంగు నచ్చలేదు. గోరు నొక్కి వదిలింది. తెల్లబడిన చోటికి నెత్తురు తిరిగి రావడానికి తటపటాయిస్తోంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. తమ్ముడు ముఖంవైపు చూస్తున్నాడు. బాగుందన్న మాట నాలుక చివరే ఉంది, ఎప్పట్లాగే సులువుగా.

"బాగాలేదు" అంది. "ఈ వేలు నీలంగా ఉంది. నెత్తురు సరిగా అందడం లేదు. మేడమ్‌ని పిలవండి, నిలబడకండి."

పాప తల్లి కెవ్వుమంది. తమ్ముడు కదల్లేదు. డాక్టరమ్మ వచ్చి, వేలి మొదట్లో బిగిసిన ఒక కుట్టు తెంచింది. నీలం కాసేపు అలాగే నిలిచింది. తర్వాత గోరు మొదట్లోంచి రంగు మెల్లగా ఎక్కడం మొదలైంది, కొనదాకా ఎక్కింది. "మధ్యాహ్నం దాకా అలాగే ఉండుంటే ఆ వేలు దక్కేది కాదు" అని డాక్టరమ్మ నర్సుతో అంది.

కట్లక్క గోడవైపు తిరిగింది. అప్పుడు ఏడ్చింది, షట్టరు పడిన రోజు ఏడవని ఏడుపంతా కలిపి. తమ్ముడు ఆమె పక్కకు వచ్చాడు. మూడు వేళ్ల చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు బాగుందా అక్కా?"

"బాగుందిరా. కావాలంటే నువ్వే నొక్కి చూడు."

"నేను చూసేదేముంది" అన్నాడు వాడు. "నువ్వు చెప్పావుగా."